మా సెంటర్‌లో ఎర్ర దీపం వెలగడం లేదమ్మా!

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి సగం ట్రాఫిక్ సిగ్నళ్ల గురించే ఉన్నాయి. కోస్తా వారు సెంటర్ అన్నారు, విశాఖ వైపు వారు జంక్షన్ అన్నారు, సీమ వారు సర్కిల్ అన్నారు, తెలంగాణ వారు చౌరస్తా అన్నారు. బాధ మాత్రం అందరిదీ ఒకటే. నేను పురపాలక విద్యుత్ విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. వీధి దీపాలు, నీటి మోటార్లు, సిగ్నళ్లు, ఇవే నా ఉద్యోగం. అందుకే నీటి పన్ను, ఇంటి ప్లాను ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షికనంతా సిగ్నళ్లకే ఇస్తున్నాను. ఎవరి ఊరి పేరూ వేయడం లేదు. నిజం రాసినందుకు ఎవరికీ స్థానికంగా ఇబ్బంది రాకూడదు.

ప్రశ్న: ఇంజినీరమ్మ గారికి నమస్కారం. మాది గోదావరి జిల్లాలలో ఒక పట్టణం. నాలుగు రోడ్ల సెంటర్‌లో నాకు జిరాక్సు, స్టేషనరీ దుకాణం ఉంది. పదహారేళ్లుగా ఆ సెంటర్‌ను చూస్తూనే ఉన్నాను. వినాయక చవితికి ముందు మంచినీటి గొట్టం వేయడానికి రోడ్డు తవ్వారు. అప్పటి నుంచి సిగ్నల్ పాడయింది. రైతుబజారు నుంచి వచ్చే వారికి ఎదురుగా ఉన్న స్తంభానికి ఎర్ర దీపం వెలగదు, పచ్చ మాత్రం వెలుగుతుంది. బస్టాండు వైపు స్తంభానికి ఎప్పుడూ ఎరుపే. బస్టాండు వైపు వారు కాసేపు ఆగి, విసిగి, ముందుకు వచ్చేస్తారు. అదే సమయంలో రైతుబజారు వైపు వారు ఎర్ర దీపం లేదు కదా అని వచ్చేస్తారు. కార్తీక మాసంలో ఒక సాయంత్రం బడి పిల్లల ఆటోను మోటారు సైకిల్ గుద్దింది. ఇద్దరు పిల్లలను నా దుకాణంలో కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. వారిలో ఒక పాపకు మోచేయి విరిగింది. పురపాలక కార్యాలయానికి వెళితే పోలీసులను అడగమన్నారు. ట్రాఫిక్ పోలీసులు విద్యుత్ కార్యాలయానికి వెళ్లమన్నారు. అక్కడి వారు కరెంటు ఇవ్వడం వరకే తమ పని అన్నారు. రోడ్ల శాఖ వారు ఆ రోడ్డు తమది కాదన్నారు. మూడు నెలలయింది. అసలు ఆ సిగ్నల్ ఎవరిది? ఇంత చిన్న పని ఎందుకు జరగడం లేదు?
— ఒక దుకాణదారు

జవాబు: అన్నయ్యా, మీ ఉత్తరం చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మీ సెంటర్‌లో సిగ్నల్ పూర్తిగా ఆరిపోయి ఉంటే నేను ఇంత కంగారు పడేదాన్ని కాదు. సగం వెలిగే సిగ్నల్‌కే నేను భయపడతాను. అలా ఎందుకంటున్నానో చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తర్వాత, అక్కడి పనులకు మా ఊరి నుంచి కొందరిని పంపారు. వారిలో నేనూ ఉన్నాను. కరెంటు లేదు, సిగ్నళ్లు లేవు. అయినా మేము పనిచేసిన కూడళ్లలో వాహనాలు నెమ్మదిగా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, చేయి ఊపి దారి ఇచ్చుకుంటూ వెళ్లాయి. కానిస్టేబుళ్ల పక్కన కాలేజీ పిల్లలు కూడా నిలబడి బండ్లను పంపించారు. కరెంటు తిరిగి వచ్చాక ఒక కూడలిలో రెండు వైపుల దీపాలు వెలిగాయి, రెండు వైపుల వెలగలేదు. ఆ రోజే నా కళ్లముందు రెండు బండ్లు గుద్దుకున్నాయి. పచ్చ దీపం చూసినతను దాన్ని నమ్మి వేగం తగ్గించలేదు. దీపమే కనిపించనతను ఆగలేదు. వారిలో ఎవరిని తప్పు పట్టాలి? ఆ పెట్టెను అలా సగం పనితో వదిలేసిన మాదే తప్పు. మీ సెంటర్‌లో ఇప్పుడు జరుగుతున్నది అదే.

కాబట్టి మరమ్మతు కోసం తిరగడం కంటే ముందు మీరు ఒకటి అడగాలి. సిగ్నల్‌ను పసుపు మిణుకు మీద పెట్టించమనండి. కూడలి మూలన మనిషి ఎత్తు ఇనుప పెట్టె ఉంటుంది, సిగ్నల్‌ను నడిపే యంత్రం అందులోనే ఉంటుంది. దానికి పక్కన చిన్న తలుపు, ఆ తలుపు వెనుక పోలీసులు వాడుకోవడానికి ఒక మీట ఉంటాయి. ఆ మీటతో సిగ్నల్‌ను తనంతట తాను నడిచేలా పెట్టవచ్చు, చేత్తో నడపవచ్చు, లేదా పసుపు దీపాలు మిణుకుమిణుకుమనేలా చేయవచ్చు. పసుపు మిణుకుతుంటే నెమ్మదిగా, నలువైపులా చూసుకుని వెళ్లాలని అర్థం. ఎరుపు మిణుకుతుంటే పూర్తిగా ఆగి, చూసుకుని, తర్వాత కదలాలని అర్థం. తాళం చెవి ఉన్న మనిషికి ఇది నిమిషం పని. దీనికి టెండరు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, పై అధికారి సంతకం కోసం వారాలు ఆగనక్కర్లేదు. ఒకవేళ పసుపు దీపాలు కూడా పాడై ఉంటే మొత్తం సిగ్నల్‌ను ఆపేసి, రద్దీ వేళల్లో కానిస్టేబుల్‌ను నిలబెట్టమనండి. ఈ శీర్షిక చదివిన వారందరూ ఇంకేది మరిచిపోయినా దీన్ని గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. అబద్ధం చెప్పే సిగ్నల్‌ను ఒక్క గంట కూడా అలాగే నడవనివ్వకూడదు.

ఇక ఏమి పాడయిందన్న సంగతి. నేను అక్కడ లేను గానీ, మీరు రాసిన లక్షణాలు చాలా చెబుతున్నాయి. పెట్టె నుంచి ప్రతి స్తంభానికీ భూమిలో కేబుల్ వెళుతుంది. అందులో ఎరుపుకు ఒక తీగ, పసుపుకు ఒకటి, పచ్చకు ఒకటి విడివిడిగా ఉంటాయి. రోడ్డు తవ్విన గునపమో, జేసీబీ పన్నో తగిలి ఒక్క తీగ తెగితే ఆ ఒక్క దీపమే ఆరిపోతుంది. రైతుబజారు వైపు జరిగింది ఇదే అయి ఉండాలి. బస్టాండు వైపు ఎరుపు ఆరకపోవడం వేరే జబ్బు. దీపాన్ని వెలిగించి ఆర్పే ఎలక్ట్రానిక్ కార్డు పెట్టెలో ఉంటుంది. అది మాడిపోతే దీపం వెలిగింది వెలిగినట్టే ఉండిపోతుంది. తడి చేరినా, కరెంటు ఎక్కువ తక్కువలు అయినా కార్డు మాడుతుంది. తీగకు అతుకు వేయడం సగం రోజు పని. కార్డు తెప్పించడమే ఆలస్యం, ఎందుకంటే చాలా ఊళ్లలో పెట్టె బిగించిన సంస్థతో కుదుర్చుకున్న నిర్వహణ ఒప్పందం ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. దాన్ని ఎవరూ తిరిగి రాయించరు. సిగ్నల్ పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టడానికి అందరూ వస్తారు. ఆ తర్వాత దాన్ని పట్టించుకునే మనిషి ఉండడు. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

సిగ్నల్ ఎవరిదో తేల్చడానికి ఒక దారి ఉంది. నాలుగు కార్యాలయాల చుట్టూ తిరగకండి, ఆ పెట్టె దగ్గరికే వెళ్లండి. దానికి కరెంటు మీటరు ఉంటుంది. మీటరు మీదో, పక్కన స్తంభం మీదో రంగుతో సర్వీస్ నంబరు రాసి ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకుని విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో అడిగితే ఆ నంబరు ఎవరి పేరున ఉందో చెబుతారు. బిల్లు ఎవరి పేరున వస్తుందో, సాధారణంగా యజమాని వారే. మన పట్టణాలలో ఎక్కువగా అది పురపాలక సంఘమే అవుతుంది. ఏ దీపం ఎంతసేపు వెలగాలో నిర్ణయించేది ట్రాఫిక్ పోలీసులు. జాతీయ రహదారి మీద అయితే లెక్క వేరు. మీది పట్టణం లోపలి రోడ్డు కాబట్టి మొదటి ఉత్తరం కమిషనర్‌కు, దాని నకలు ట్రాఫిక్ ఎస్సైకి ఇవ్వండి.

ఆ ఉత్తరంలో ‘సిగ్నల్ సరిగా పనిచేయడం లేదు’ అని రాయకండి. అలాంటి ఉత్తరాలు నా బల్ల మీదికి వందలు వచ్చాయి. వాటిని పట్టుకుని ఎలక్ట్రీషియన్‌ను పంపితే, అతను వెళ్లిన క్షణంలో ఏదో ఒక దీపం వెలుగుతూ కనిపిస్తుంది, ‘బాగానే ఉంది’ అని రాసి తిరిగి వస్తాడు. మీరు ఇలా రాయండి: ‘రైతుబజారు నుంచి వచ్చే వాహనాలకు ఎదురుగా ఉన్న స్తంభం, ఎర్ర దీపం, ఫలానా తేదీ నుంచి ఒక్కసారి కూడా వెలగలేదు. బస్టాండు వైపు స్తంభం, ఎర్ర దీపం, ఆరడం లేదు. సర్వీస్ నంబరు ఇది. గొట్టం పనికి రోడ్డు తవ్విన తేదీలు ఇవి.’ రెండు మూడు సార్లు దీపాలు మారే దాకా ఆగకుండా ఫోనులో వీడియో తీయండి, అది ఎంతో పని చేస్తుంది. రోడ్డు తవ్విన తేదీ తప్పనిసరి. తవ్వడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, రోడ్డును తిరిగి బాగు చేయడానికని పురపాలక సంఘం డబ్బు కట్టించుకుంటుంది. తెగిన కేబుల్‌ను ఆ ఖాతా నుంచే బాగు చేయించమని మీరు అడగవచ్చు.

స్వీకరించినట్టు ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి. పది రోజులు చూడండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. తెలంగాణలో అయితే ప్రజావాణి. అక్కడ అర్జీకి నంబరు వస్తుంది. ఆ అర్జీలోనే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు ఈ సంగతి పెట్టమని ఒక వాక్యం చేర్చండి. ప్రతి జిల్లాలో ఈ కమిటీ ఉండాలని 2017 నవంబరు 30న సుప్రీంకోర్టు ఆదేశించింది. కలెక్టరే అధ్యక్షులు. మిమ్మల్ని ఒకరి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి పంపిన పోలీసులు, రోడ్ల ఇంజినీర్లు అందులో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. మాది కాదనే మాట అక్కడ చెల్లదు.

దానికి సమాంతరంగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. ‘ఎందుకు బాగు చేయలేదు’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం కింద కాగితాలు ఇస్తారు గానీ సంజాయిషీలు ఇవ్వరు. ఆ సిగ్నల్ నిర్వహణ ఒప్పందం నకలు, దాని గడువు ముగిసిన తేదీ, ఈ ఆరు నెలల్లో ఆ కూడలిపై వచ్చిన ఫిర్యాదుల రిజిస్టరు పేజీల నకళ్లు అడగండి. ఆ సమాచారం తమ దగ్గర లేదని ఏ కార్యాలయమైనా అంటే, 2005 నాటి ఆ చట్టంలోని 6(3) సెక్షన్ ప్రకారం అయిదు రోజుల్లో దరఖాస్తును సంబంధిత కార్యాలయానికి వారే పంపాలి. ఇంతకాలం మీరు తిరిగిన తిరుగుడు అప్పుడు మీ కాగితం తిరుగుతుంది.

ఇన్ని చేసినా వినకపోతే? నాకు ఎంతో ఇష్టమైన తీర్పు ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు మురుగు కంపు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. ప్రజలకు హాని కలిగించే దాన్ని తొలగించాలంటూ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆదేశించారు. డబ్బు లేదని పురపాలక సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, డబ్బు లేదన్న సాకుతో ప్రాథమిక బాధ్యత నుంచి తప్పించుకోలేరని తీర్పు రాశారు. 2024 జులై 1 నుంచి ఆ 133వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ వచ్చింది. దాని కింద మీ ఆర్డీవో ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిరాక్సు దుకాణం మీదే కాబట్టి నకళ్లకు కొదవ ఉండదు. కానీ ఒంటరిగా వెళ్లకండి. ఆటో డ్రైవర్లను, ఆ బడి ప్రధానోపాధ్యాయులను, వారు ఒప్పుకుంటే ఆ పాప తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న: అమ్మా, నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. వయసు అరవై ఎనిమిది. మోకాళ్ల నొప్పులు. రాయలసీమలో మా ఊరి సర్కిల్ దాటి రోజూ గుడికి వెళతాను. నడిచేవారి పచ్చ బొమ్మ పన్నెండు సెకన్లే వెలుగుతుంది. మా మనవడు టేపు పెట్టి కొలిస్తే రోడ్డు పద్దెనిమిది మీటర్లు వచ్చింది. సగం దాటేసరికి ఎర్ర బొమ్మ వచ్చేస్తుంది, బండ్లవాళ్లు హారన్లు కొడతారు. చిత్రమేమిటంటే మధ్యాహ్నం మూడు గంటలకు ఎవరూ లేని వేళ అదే బొమ్మ చాలాసేపు వెలుగుతుంది. బడి వదిలే వేళకు మళ్లీ పన్నెండే. నా నడకే మందగించిందా, దీపమే తప్పా?

జవాబు: టీచరమ్మా, మీ నడకలో ఏ తప్పూ లేదు. మీ మనవడికి నా అభినందనలు చెప్పండి. కొలిచి రాసిన ఉత్తరం అరుదుగా వస్తుంది.

లెక్క చూద్దాం. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న అంచనాతో ఇంజినీర్లు ఈ సమయాలు వేస్తారు. పద్దెనిమిది మీటర్లకు పదిహేను సెకన్లు. అంటే ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికే పన్నెండు చాలవు. మోకాళ్ల నొప్పితో సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే మీకు ఇరవై రెండున్నర సెకన్లు కావాలి. నా ఊహ ఏమిటంటే, ఆ పన్నెండు సెకన్లు రోడ్డు వెడల్పు చేయకముందు పెట్టినవి. రోడ్డు పెరిగింది, అంకె పెరగలేదు.

మధ్యాహ్నం సంగతి ఇంకో తప్పును పట్టి ఇస్తోంది. పెట్టెలో గడియారం ఉంటుంది. బడి వేళకు ఒక లెక్క, మధ్యాహ్నానికి ఒక లెక్క, రాత్రికి ఒక లెక్క అని సమయాలు ముందే వేసి ఉంచుతారు. కరెంటు పోయినప్పుడు ఆ గడియారాన్ని నడిపించే చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం తప్పుతుంది. బడి వదిలే వేళకు రావలసిన ఎక్కువ సమయం మూడు గంటలకు వస్తుంది. మీ సర్కిల్‌లో జరుగుతున్నది ఇదేనని నాకు దాదాపు నమ్మకం. బ్యాటరీ వేసి గడియారం సరిచేయడం చిన్న పని. దానిని ఎవరో ఒకరు గమనించి చెప్పాలి, మీరు గమనించారు.

ట్రాఫిక్ పోలీసు అధికారికి రెండు సంగతులూ విడివిడిగా రాయండి: గడియారం సరిచేయాలి, నడిచేవారి సమయం ఇరవై మూడు సెకన్లు చేయాలి. అంత ఇస్తే బండ్లు బారులు తీరుతాయని అంటే, రోడ్డు మధ్య డివైడర్‌లో మనిషి నిలబడేంత చోటు వదలమనండి. సగం ఒకసారి, సగం ఒకసారి దాటవచ్చు. అంతవరకు, వెలుగుతూ ఉన్న పచ్చ బొమ్మను చూసి అడుగు వేయకండి. అది ఆరి, మళ్లీ కొత్తగా వెలిగినప్పుడు మాత్రమే దిగండి. అప్పుడు పన్నెండూ మీకే దక్కుతాయి. మధ్యలో ఉండగా ఎర్ర బొమ్మ వస్తే వెనక్కి తిరగకండి, పరుగెత్తకండి. చేయి ఎత్తి అదే నడకతో దాటండి. హారన్ కొట్టేవారిని కొట్టనివ్వండి, ఆ రోడ్డు మీద మీకు వారికున్నంత హక్కు ఉంది.

ప్రశ్న: అక్కా, నేను తెలంగాణలో ఒక పట్టణంలో డిగ్రీ చదువుతూ రాత్రిపూట పార్సిళ్లు అందించే పని చేస్తున్నాను. మా చౌరస్తాలో రాత్రి పదకొండు దాటాక నేను వచ్చే రోడ్డుకు పచ్చ దీపమే పడదు. ఒక రాత్రి ఏడు నిమిషాలు ఆగాను. చుట్టూ ఎవరూ లేరని దాటాను. నాలుగు రోజులకు ఈ-చలానా వచ్చింది. పాడైన సిగ్నల్‌కు నేనెందుకు డబ్బు కట్టాలి?

జవాబు: తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమవుతుంది. ఒక్కో పార్సిల్‌కు లెక్క చూసుకునే నీకు ఏడు నిమిషాలంటే ఏమిటో తెలుసు. అయినా నీ మేలు కోరి చెబుతున్నాను, నువ్వు ఎరుపు మీద దాటకూడదు. ఎవరూ లేరని నీకు అనిపించినట్టే, అడ్డంగా వచ్చే లారీ డ్రైవరుకు పచ్చ దీపం కనిపిస్తుంది. గంటకు నలభై కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు పదకొండు మీటర్లు. నువ్వు చూసి, అతను చూసి, బ్రేకు పడేలోపు ఎంత దూరం వచ్చేస్తాడో లెక్క వేసుకో. పైగా 2019 సవరణ తర్వాత ఎర్ర దీపం దాటడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌లోకి వస్తుంది. దాన్ని తేలికగా తీసుకోకు.

అలాంటి రాత్రి ఏమి చేయాలి? దీపాలు రెండు చుట్లు తిరిగే దాకా ఆగు. నీ వంతు రాలేదని రూఢి అయితే బండి దిగి, ఇంజిన్ ఆపి, జీబ్రా గీతల మీదుగా నడిచేవాడిలా తోసుకుని దాటు. ఒక నిమిషం పడుతుంది. దాటాక అత్యవసర నంబరు 112కు ఫోను చేసి, కూడలి పేరు, నువ్వు వచ్చిన రోడ్డు చెప్పు. కానిస్టేబుల్ ఉండి చేయి చూపి రమ్మంటే నిశ్చింతగా వెళ్లు, యూనిఫాంలో ఉన్న పోలీసు చేయి దీపం కంటే పెద్దది.

నీ వైపు పచ్చ పడకపోవడానికి కారణం కూడా చెప్పాలి. కొన్ని సిగ్నళ్లు బండి వచ్చిందని తెలిస్తేనే చిన్న రోడ్డుకు వంతు ఇస్తాయి. రోడ్డు కింద పాతిన తీగ చుట్టతోనో, స్తంభం మీది కెమెరాతోనో అవి తెలుసుకుంటాయి. తీగ చుట్టకు కారు తెలిసినంత బాగా మోటారు సైకిల్ తెలియదు. కొత్తగా తారు వేసినప్పుడు ఆ చుట్ట తెగిపోతే అసలేమీ తెలియదు. పగలు నీ పక్కన కారు ఉంటే పచ్చ పడుతోందా, ఒక్కడివే ఉంటే పడడం లేదా? రెండు రోజులు గమనించి ఫిర్యాదులో ఆ సంగతి రాయి. బాగు చేసేవాడికి అదే సగం పని.

చలానా విషయానికి వస్తే, అభ్యంతరం చెప్పే హక్కు నీకు ఉంది. కెమెరా చలానాల కోసం 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 167ఎ చేర్చారు. దాని ప్రకారం తప్పు జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి, ఆ కెమెరాకు ఆమోద ధ్రువపత్రం ఉండాలి. నీకు నాలుగు రోజులకే వచ్చింది కాబట్టి మొదటిదానితో లాభం లేదు. నీ బలమంతా సిగ్నల్ పాడయిందని చూపించడంలోనే ఉంది. ఈ వారంలో ఒక రాత్రి స్నేహితుడిని తోడు తీసుకుని వెళ్లి, దీపాలు మూడు చుట్లు తిరిగినా నీ వైపు పచ్చ రాలేదని తేదీ, సమయం కనిపించేలా వీడియో తీయి. చలానా వెబ్‌సైట్‌లో ఫిర్యాదు విభాగంలో అది జతచేసి, ఏడు నిమిషాల ముందు నుంచి కెమెరా దృశ్యం చూడమని కోరు. అక్కడ వినకపోతే కోర్టులో చెప్పుకోవచ్చు. నువ్వు గెలుస్తావని నేను మాట ఇవ్వలేను. కానీ ఆ కాగితం వల్ల సిగ్నల్ బాగుపడితే, నీలా రాత్రి పని చేసే పిల్లలందరికీ మేలు.

ప్రశ్న: మా జంక్షన్‌లో సాయంత్రం అయిదు గంటలకు ఎరుపు, పసుపు, పచ్చ మూడూ వెలిగినట్టే కనిపిస్తాయి. పొద్దుగూకాక మామూలే. ఇదేమి విచిత్రం?

జవాబు: మీరు పడమటి ఎండ మీ వీపు మీద పడుతుండగా తూర్పుకు వెళుతూ ఉంటారు, అవునా? పాత రకం బల్బు సిగ్నళ్లలో దీపం వెనుక అద్దంలా మెరిసే గిన్నె ఉంటుంది. పొద్దు వాలాక ఎండ నేరుగా లోపలికి పోయి ఆ గిన్నె మీద పడి, రంగు గాజులోంచి తిరిగి వస్తుంది. వెలగని దీపం వెలిగినట్టు కనిపిస్తుంది. దీపాల మీద నల్లని టోపీలు ఉంటాయి, వాటి పని ఈ ఎండను అడ్డుకోవడమే. గాలివానకు అవి ఊడిపోయి ఉండవచ్చు, ముందు వాటిని పెట్టించమనండి. ఎల్‌ఈడీ దీపాలలో ఆ గిన్నె ఉండదు కాబట్టి వాటికి మారిస్తే బాధ చాలావరకు పోతుంది. అంతవరకు ఆ వేళలో దీపాన్ని నమ్మక, పక్క బండ్ల కదలికను చూసి వెళ్లండి.

ఇదే సందర్భంలో ఒక కోరిక. సిగ్నల్ స్తంభాలకు పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టేవారు దయచేసి మానుకోండి. సగం దీపం కనిపించకపోతే అది పాడైన సిగ్నల్‌తో సమానం. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఏడింటిలో ఇదే మొర. ఎవరి బొమ్మ ఉన్నా సరే, వార్డు కార్యాలయానికి ఫోను చేసి తీయించండి.

ప్రశ్న: మా కాలనీ ముందు సిగ్నల్ పెట్టె తలుపు ఊడి రెండు వారాలయింది. తీగలు బయటికి వచ్చాయి. మా సంఘం వాళ్లం చందాలు వేసుకున్నాం. ఎలక్ట్రీషియన్ కూడా ఉన్నాడు. మేమే బాగు చేయించుకోవచ్చా?

జవాబు: వద్దు, దయచేసి వద్దు. ఆ పెట్టెలో 230 వోల్టుల కరెంటు ఉంటుంది. ఇంటి పనులు తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు ఆ పెట్టె తెలియదు. ఒక దీపం తీగను ఇంకో దీపానికి కలిపితే రెండు వైపులా ఒకేసారి పచ్చ వెలగవచ్చు. ఆ తర్వాత జరిగేదానికి మీ సంఘమే జవాబు చెప్పాలి. సాయం చేయాలనే మీ మనసు మంచిది. ఆ డబ్బుతో జీబ్రా గీతలకు రంగు కొనిస్తామనో, బడి వేళల్లో నిలబడే వాలంటీర్లకు మెరిసే చొక్కాలు ఇస్తామనో పోలీసుల అనుమతి అడగండి.

తలుపు సంగతి మాత్రం చందాల దాకా ఆగకూడదు. వానలో తడిసిన ఆ పెట్టెను పశువు రాసుకున్నా, పిల్లవాడు బంతి కోసం చేయి పెట్టినా ప్రాణం పోతుంది. ఈ పేజీ చదువుతున్న చోటి నుంచే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి, తీగలు బయటపడ్డాయని, పిల్లలు తిరిగే చోటని చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. మనిషి వచ్చి మూసే దాకా పెట్టె చుట్టూ పొడి వెదురు కర్రలు పాతి తాడు కట్టి, మీలో ఒకరు అక్కడే ఉండండి.